ప్రజాభిప్రాయ సేకరణకు హక్కుల ఆధారంగా అభ్యంతర పత్రం రాయడం ఎలా?

తీరంలోనో తంపర (నీరు నిలిచే చిత్తడి) భూముల్లోనో పెద్ద పరిశ్రమ వస్తుందన్నప్పుడు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల గ్రామస్థులు కలెక్టరుకు ఇచ్చే అర్జీ తరచుగా “మా బతుకులు పోతాయి, అనుమతి ఇవ్వకండి” అన్న విన్నపం దగ్గరే ఆగిపోతుంది. విన్నపాన్ని పక్కన పెట్టడం సులువు. అదే విషయాన్ని ఆధారంతో, హక్కుగా రాస్తే పక్కన పెట్టడం కష్టమవుతుంది. పర్యావరణాన్ని మానవ హక్కులతో ముడివేసిన అంతర్జాతీయ న్యాయం ఒక గ్రామానికి ముఖ్యంగా అక్కరకు వచ్చేది ఇక్కడే.

ముందుగా కాగితాలు సంపాదించాలి. 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం, ప్రజాభిప్రాయ సేకరణ జరగవలసిన ప్రాజెక్టులకు కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి. ముసాయిదా నివేదికను, స్థానిక భాషలో దాని సారాంశాన్ని కలెక్టరు కార్యాలయం వంటి చోట్ల అందుబాటులో ఉంచాలి. తెలుగు సారాంశం దొరకకపోతే ఆ లోపాన్నే మొదటి అభ్యంతరంగా రాయండి. పర్యావరణ సమాచారం పొందడం, నిర్ణయంలో పాలుపంచుకోవడం, న్యాయం కోరడం అనే మూడింటినీ 1992 నాటి ఐక్యరాజ్యసమితి పర్యావరణ సదస్సు వెలువరించిన రియో ప్రకటనలోని 10వ సూత్రం ఒకే చోట చెప్పింది.

తరువాతి పని అన్నిటికన్నా శ్రమతో కూడినది: నివేదిక మీ నేల గురించి ఏం చెబుతోందో, ఆ నేల నిజంగా ఎలా ఉందో పక్కపక్కన పెట్టాలి. ఏ నెలల్లో నీరు నిలుస్తుంది, ఎన్ని కుటుంబాలు అక్కడ చేపలు పడతాయి, పశువులు ఎక్కడ మేస్తాయి, ఎత్తిపోతల నీరు ఏ పొలాలకు అందుతుంది వంటి వివరాలను సర్వే నంబర్లతో, ఫోటోలతో చూపాలి. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో బీల అని పిలిచే నేల విషయంలో, అక్కడ తలపెట్టిన థర్మల్ విద్యుత్ కేంద్రానికి ఇచ్చిన పర్యావరణ అనుమతిని నాటి జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ రద్దు చేయడంలో అది చిత్తడి నేల అన్న అంశమే కీలకమైంది. ఆ రద్దు 2010 జులై 14న, అంటే ఆ కేంద్రాన్ని వ్యతిరేకించిన వారిపై జరిగిన పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయిన రోజునే వెలువడింది. నేల స్వభావాన్ని ముందే కాగితం మీద నిలబెట్టడం ఎంత అవసరమో చెప్పడానికి ఇంతకన్నా కఠోరమైన ఉదాహరణ మన జిల్లాలో లేదు.

ఇక చట్టం. ఒక్కొక్క వాస్తవానికి ఒక్కొక్క హక్కును జతచేయండి. కాలుష్యం లేని నీరు, గాలి రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1991లో సుభాష్ కుమార్ కేసులో చెప్పింది. మొదట దాన్ని ఉదహరించాలి. 2022 జులై 28న 161 దేశాల ఓటుతో ఐక్యరాజ్యసమితి సాధారణ సభ ఆరోగ్యకరమైన పర్యావరణాన్ని మానవ హక్కుగా గుర్తించిన తీర్మానాన్ని ఆ తరువాతే పేర్కొనాలి. ఈ వరుస ముఖ్యం. ఆ తీర్మానానికి చట్టబద్ధంగా కట్టుబడవలసిన బాధ్యత ఎవరికీ లేదు కనుక, దాన్ని ఉల్లంఘించారని రాస్తే పత్రమే బలహీనపడుతుంది. “21వ అధికరణాన్ని ఈ తీర్మానం వెలుగులో చదవాలి” అని రాయడం సరైన పద్ధతి. పర్యావరణ కేసులు విచారించే జాతీయ హరిత ట్రిబ్యునల్‌ను ఏర్పరచిన చట్టం పీఠికలోనే స్టాక్‌హోమ్, రియో సదస్సుల ప్రస్తావన ఉంది. ముందుజాగ్రత్త సూత్రాన్ని పాటించాలని 20వ సెక్షను ట్రిబ్యునల్‌ను ఆదేశిస్తుంది.

ఆ సూత్రం శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం ప్రాంతం వారికి మరీ అవసరం. అక్కడి మూత్రపిండాల వ్యాధికి కారణం ఇంకా తేలలేదు కాబట్టి ఫలానా పరిశ్రమే కారణమని రాయకండి. తేలనంతవరకు అదే భూగర్భజలంపై కొత్త భారం మోపరాదని రాయండి. శాస్త్రీయ నిశ్చయం పూర్తిగా లేదన్న సాకుతో నివారణ చర్యలను వాయిదా వేయరాదని రియో 15వ సూత్రం చెబుతుంది.

పత్రం ఇచ్చి రసీదు తీసుకోండి. సభ చివర చదివి వినిపించే తెలుగు నమోదులో మీ అభ్యంతరం ఉందో లేదో అక్కడే సరిచూడండి. అయినా అనుమతి వస్తే, ఉత్తర్వు తెలియజేసిన నాటి నుంచి 30 రోజుల్లో చెన్నైలోని హరిత ట్రిబ్యునల్ దక్షిణ ధర్మాసనంలో అప్పీలు చేయాలి; తగిన కారణం చూపితే మరో 60 రోజుల వరకు అవకాశం ఉంటుంది. పర్యావరణ హక్కులపై ఐక్యరాజ్యసమితి నియమించిన ప్రత్యేక ప్రతినిధికి కూడా రాయవచ్చు గానీ, ఆయా ప్రభుత్వాలను వివరణ అడగడమే తప్ప తీర్పు చెప్పే అధికారం ఆ పదవికి లేదు. ఆ లేఖ కోసం అప్పీలు గడువును దాటనివ్వకండి.