పాత ఇళ్లను చదవడం: మూడవ పాఠం – మండువాలో పడిన వాన

గత పాఠంలో అరుగు దాటి వీధి గడప వరకు వచ్చి ఆగాము. ఈసారి మండువాలో, అంటే ఇంటి నడుమ పైకప్పు లేకుండా ఆకాశానికి తెరిచి ఉంచిన పల్లపు చోట నిలబడి, వాన నీరు చూరు నుంచి బయటి కాలువకు చేరే దారిని కాగితం మీద గీద్దాము. నరసాపురం, అమలాపురం వంటి ఊళ్ల పాత వీధుల్లో లోగిలి (మండువా ఉన్న ఇల్లు) ప్లాను అంతుపట్టాలంటే గోడల కంటే ముందు నీటిని పట్టుకోవడమే తేలికని నా అభిప్రాయం.

ముందు తల పైకెత్తండి. నాలుగు పెంకు కప్పులూ లోపలికి వాలి ఉంటాయి. రెండు వాలులు కలిసే మూలకే నీరు ఎక్కువగా చేరుతుంది కనుక అక్కడ పెంకుల కింద రేకు పరిచి, దాని కొసను చూరు దాటించి వదులుతారు. ఆ ధార పడే చోట నేలను తడిమి చూస్తే రాయి అరిగి చిన్న గుంట తగులుతుంది; గంగాళం పెట్టి వాన నీళ్లు పట్టుకున్నది అక్కడే. ఈ నాలుగు మూలలను గుర్తిస్తే స్తంభాల వరుస దానంతటదే తేలుతుంది, ఎందుకంటే చూరును మోసే దూలాలు వాటి మీదే ఆనుతాయి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి వరి రాబడి పెరిగాక లేచిన లోగిళ్లలో ఈ స్తంభాలు తరచు బర్మా టేకువే.

పెంకును చూసి ఇంటి వయసు కట్టకండి. మనం బెంగుళూరు పెంకు అనేది నిజానికి 1860ల తరువాత మంగుళూరు కర్మాగారాల నుంచి వ్యాపించినది. వంపు తిరిగిన నాటు గూన పెంకు తీసేసి దీన్ని వేయించిన పాత ఇళ్లు ఎన్నో ఉన్నాయి.

ఇక తూము. మొదటిసారి ఒక లోగిలి గీసినప్పుడు, నేల వాలు వీధి వైపు ఉన్నట్టు తోచి, తూమును అటే గీశాను. ఆ ఇంటి మామ్మగారు కాగితం చూసి, "నీళ్లు పెరట్లోకి పోతాయి బాబూ" అన్నారు. అందుకే కంటిని నమ్మకుండా, తాపీ మేస్త్రులు వాడే లెవెల్ పైపును బుడగలు లేకుండా నీటితో నింపి, ఒక కొసను మండువా గుంటలోను, రెండవదాన్ని తూము బయటి నోటి దగ్గరా నిలబెట్టి, నీటిమట్టం నుంచి నేలకు ఉన్న లోతును రెండుచోట్లా కొలవండి. లోతు ఎక్కువున్న వైపే పల్లం.

అభ్యాసం: వీధిలోకి తూము ఉన్న ఇంటిని ఎంచుకోండి. సిమెంటు రోడ్డు మీద రోడ్డు వేయగా అరుగు మెట్లు ఎన్ని పూడిపోయాయో అడిగి తెలుసుకుని, తూము నోరు ఇప్పటి రోడ్డుకు ఎన్ని అంగుళాలు పైనుందో, కిందుందో రాయండి. కిందుంటే, జోరువానలో మండువాలో నీరు ఏ మెట్టు దాకా నిలుస్తుందో ఇంటివారినే అడిగి, ఆ గీతను కూడా ప్లానులో చేర్చండి.