డాబా మీద వైర్‌లెస్ యాంటెన్నా: ఉరుముకు కాలిపోవడం, ముట్టుకుంటే షాక్, వానకు నెట్ పోవడం

నిచ్చెన వేసే ముందు కరెంటు తీగలు చూసుకోండి. హైదరాబాద్ గల్లీల్లో 11 కేవీ లైన్లు చాలాచోట్ల బాల్కనీ పక్కనుంచే పోతుంటాయి. కట్టడానికీ 11 కేవీ తీగకూ పక్కవాటున కనీసం 1.2 మీటర్లు ఉండాలన్నది నిబంధన. యాంటెన్నా పైపు నిలబెట్టేవాళ్లకు ఆ లెక్క చాలదు. 3 మీటర్ల పైపు చేయిజారి ఒరిగితే 3 మీటర్ల అవతలున్న తీగనూ తాకుతుంది. పైపు పొడవుకు ఒకటిన్నర రెట్లు ఖాళీ లేనిచోట పైపు లేపకండి, పొట్టి గోడ బ్రాకెట్‌తో సరిపెట్టుకోండి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఉరుము వినబడితే సగంలో ఉన్నా సరే, దిగిపోవాలి.

ఉరుములు వచ్చిన ప్రతిసారీ రేడియోనో రౌటర్ పోర్టో పోతోంది

రేడియో అంటే ఇక్కడ యాంటెన్నాతో పాటు పైపు మీదుండే నెట్ పరికరం. పిడుగు మన ఇంటి మీద పడక్కర్లేదు. రెండు వీధుల అవతల పడినా నేలలో వోల్టేజీ ఒక్కసారిగా లేస్తుంది, లాన్ కేబుల్‌లోనూ సర్జ్ (ఒక్కసారిగా ఎగసే వోల్టేజీ) పుడుతుంది. ఇలా పోర్టులు కాలే ఇళ్లలో తరచుగా కనిపించేది ఒకటే: యాంటెన్నాకు ఎర్తింగ్ లేకపోవడం కాదు, విడిగా ఇంకో ఎర్తింగ్ ఉండటం. పైపు కోసం పెరట్లో కొత్తగా రాడ్ దింపుతారు, ఇంటి మెయిన్ ఎర్త్ ముందు వైపు మీటరు దగ్గర ఉంటుంది, రెండింటినీ కలపరు. పిడుగు పడ్డ క్షణంలో ఆ రెండు రాడ్‌ల మధ్య వేల వోల్టుల తేడా రావచ్చు. రెండింటినీ కలుపుతున్న దారి మీ లాన్ కేబులే. కరెంటు అందులోంచి, రౌటర్ పోర్టులోంచి పోతుంది.

సరిచేసే పద్ధతి ఇది. పైపు మీద పెయింటు గీకి, మెరిసే ఇనుము కనబడ్డాక క్లాంప్ బిగించండి. అక్కణ్ణుంచి 16 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగను గోడ బయటి వైపుగా తిన్నగా కిందికి దింపండి. మిగిలిన తీగను చుట్ట చుట్టి వదిలేయొద్దు, మూలల్లో లంబకోణంలో మడవొద్దు. పిడుగు కరెంటు వంపు దగ్గర పక్కనున్న లోహం మీదికి దూకొచ్చు. కింద ఆ తీగను ఎర్త్ పిట్‌కు బిగించి, అక్కణ్ణుంచి ఇంటి మెయిన్ ఎర్త్ బార్‌కు అదే సైజు తీగతో కలపండి. జీఐ (జింకు పూత ఇనుము) పైపు మీద రాగి నేరుగా బిగిస్తే కొన్నాళ్లకే జాయింటు తుప్పు పడుతుంది, తీగ కొసకు తగరం పూత ఉన్న లగ్ వాడండి. అపార్ట్‌మెంటులో అయితే మెయిన్ ఎర్త్ సెల్లార్‌లోని మీటర్ రూమ్‌లో ఉంటుంది. అక్కడ చేయిపెట్టే పని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌దే.

కొత్తగా పిట్ తవ్వాలంటే మన ఊరి నేల ఒప్పుకోదు. బంజారా హిల్స్ అయినా మౌలాలి అయినా మూడు నాలుగు అడుగులకే గ్రానైట్ తగలొచ్చు. ఎర్తింగ్‌కు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 3043 ప్రకారం పైపు ఎలక్ట్రోడ్ (నేలలో దింపే ఎర్త్ పైపు) 2.5 మీటర్లకు తగ్గకూడదు. రాయి అడ్డొస్తే నిలువు నుంచి 30 డిగ్రీల దాకా వాలుగా దింపుకోవచ్చని కూడా అదే ప్రమాణం చెబుతుంది. ఆ పైపును కోసేసి పొట్టిగా పాతడం మాత్రం కుదరదు. వాలుగా కూడా దిగకపోతే కందకం తీసి జీఐ పట్టీని అడ్డంగా పరవండి. చుట్టూ నింపడానికి ఉప్పు, బొగ్గు చవకే కానీ ఉప్పు జీఐని తినేస్తుంది, బెంటొనైట్ (ఒక రకం బంకమట్టి) పొడి మేలు. ఎర్త్ రెసిస్టెన్స్ 10 ఓముల లోపు వస్తే బాగున్నట్టే. 2 ఓములు రాలేదని ఇంకో గుంత తవ్వించేకన్నా, రెండు ఎర్తులూ కలిశాయో లేదో చూడటం ముఖ్యం.

తర్వాత సర్జ్ ప్రొటెక్టర్లు రెండు: ఒకటి పైన రేడియో పక్కన, ఇంకోటి కేబుల్ ఇంట్లోకి వచ్చేచోట. వాటి ఎర్త్ తీగ ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. పిడుగు కరెంటు ఉరవడికి ఒక్క మీటరు తీగ మీదే వెయ్యి వోల్టుల దాకా లేవొచ్చు. ఎర్త్ చేయని ప్రొటెక్టర్ అలంకారానికి తప్ప ఎందుకూ పనికిరాదు. నేరుగా మీద పడ్డ పిడుగును మాత్రం ఇవేవీ ఆపలేవు. మబ్బు కమ్ముతుండగానే రేడియోకు కరెంటిచ్చే అడాప్టర్‌నూ, రౌటర్ నుంచి లాన్ వైరునూ రెండూ పీకేయండి.

పైపు ముట్టుకుంటే జిల్లుమంటోంది

ముందు అడాప్టర్ ప్లగ్ తీసేసి, మీటర్‌తో పైపుకూ నమ్మకమైన ఎర్త్‌కూ మధ్య చూడండి. వోల్టేజీ ఇంకా ఉంటే తప్పు యాంటెన్నాది కాదు. ట్యాంకు ఫ్లోట్ స్విచ్ వైరును ఎవరో ఇదే పైపుకు కట్టి ఉంటారు, క్లాంప్ అంచు దాని తొడుగును కోసేసి ఉంటుంది. మెయిన్ ఆపకుండా పైపును తాకొద్దు.

ప్లగ్ తీస్తే పోయేదైతే, అడాప్టర్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల నుంచి వచ్చే లీకేజీ. సాకెట్‌లో ఎర్త్ లేకపోతే మీటర్ 60 నుంచి 110 వోల్టులు చూపిస్తుంది. కరెంటు చాలా తక్కువే అయినా నిచ్చెన మీదున్న మనిషి ఉలిక్కిపడి పడిపోవడానికి అది చాలు. పాత ఇళ్లలో మూడో పిన్నుకు వైరే ఉండదు. ఇంకా ఘోరం, న్యూట్రల్ నుంచి చిన్న ముక్క లాగి ఎర్త్‌కు కలిపేసి ఉంటారు. ఆ న్యూట్రల్ ఎక్కడైనా తెగిన రోజు డాబా మీద పైపుకు పూర్తి 230 వోల్టులు వస్తాయి. గీజర్ ఆన్ చేసి న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య చూడండి: ఒకటి రెండు వోల్టులు కనబడటం మామూలే, అంత లోడు మీద కూడా సున్నా దగ్గరే ఉంటే మెయిన్ ఆపి సాకెట్ విప్పించి చూడాలి. ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్) 30 మిల్లీఆంపియర్లది లేకపోతే అదే పనిలో పెట్టించండి.

వాన పడితే నెట్ పోతుంది, ఎండకాస్తే వస్తుంది

మన దూరాలకు 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ను వాన పెద్దగా తగ్గించదు. నీళ్లు దిగింది కనెక్టర్‌లోకి. లాన్ కేబుల్ కొసనున్న ఆర్‌జే45 ప్లగ్ తీసి చూస్తే బంగారు రంగు పిన్నుల మీద పచ్చటి పొడి కనబడుతుంది, ముందుగా 4, 5, 7, 8 పిన్నుల మీద, ఎందుకంటే చాలా రేడియోల్లో పవర్ పోయేది వాటిలోనే. ఆ ప్లగ్‌ను కోసి పారేయండి, తుడిచి పెడితే వారంలో మళ్లీ అదే గొడవ. కొత్త ప్లగ్ వేశాక రేడియోకు కిందుగా కేబుల్‌ను ఓ వంపు తిప్పి వదలండి, నీళ్లు అక్కణ్ణుంచే కారిపోతాయి. గోడ రంధ్రాన్ని బయటికి వాలుగా కొట్టాలి. కేబుల్ కూడా బయట వాడే నల్ల తొడుగుదీ, షీల్డు ఉన్నదీ కావాలి. షీల్డు వాడితే లోహపు ప్లగ్‌లే వేయాలి, లేకపోతే అది ఎక్కడా ఎర్త్ కాకుండా వేలాడుతుంది.

డౌన్‌లోడ్ పెట్టగానే రేడియో రీబూట్ అవుతోంది

చవక కేబుల్. వైరును బ్లేడుతో గీకండి, లోపల తెల్లగా మెరిస్తే రాగి పూత పూసిన అల్యూమినియం. 24 వోల్టుల రేడియో 0.5 ఆంపియర్ లాగితే, 60 మీటర్ల అసలు రాగి కేబుల్‌లో దాదాపు 2.5 వోల్టులు పోతాయి. అల్యూమినియంలో 4 దాకా. కేబుల్ మార్చడం తప్ప దారి లేదు.

గాలి వీస్తే సిగ్నల్ ఊగుతోంది

సిగ్నల్ బలం −60 డీబీఎం ఉన్నది −75కు పడి లేస్తుంటే బోల్టులు బిగించి, పైపుకు పై మూడో వంతు దగ్గర మూడు వైపులా స్టే వైర్లు లాగండి. సంక్రాంతి తర్వాతైతే పైపుకు చుట్టుకున్న మాంజా కేబుల్ తొడుగును కోసిందేమో చూడండి. గాలి లేకుండానే ఒక్కోసారి సరిగ్గా నిమిషం పాటు లింకు పోయి వస్తుంటే అది రాడార్ కోసం ఛానెల్ ఖాళీ చేసే డీఎఫ్‌ఎస్ పని. 5725 నుంచి 5875 మెగాహెర్ట్జ్ మధ్య ఛానెల్‌కు మార్చి చూడండి.