కాన్సెప్ట్ మ్యాప్‌తో గణిత మూల్యాంకనం: సమస్యలు, పరిష్కారాలు

పిల్లల అవగాహనలో వచ్చే మార్పును గుర్తించడానికి 1972లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో జోసెఫ్ నోవాక్ బృందం కాన్సెప్ట్ మ్యాప్‌ను రూపొందించింది. భావనలను గడుల్లో రాసి, వాటి మధ్య సంబంధాన్ని చెప్పే మాటలున్న గీతలతో కలిపే పటం ఇది. అది సైన్సు కోసం పుట్టిన పద్ధతి కాబట్టి, హైదరాబాద్ ఉన్నత పాఠశాలల్లో గణిత ఉపాధ్యాయులు నిర్మాణాత్మక మూల్యాంకనంలో (పాఠం సాగుతుండగానే విద్యార్థి అవగాహనను చూసే పరీక్షలో) దాన్ని వాడాలనుకుంటే కొన్ని చిక్కులు ఎదురుకావచ్చు.

సమస్య: పటం నిండా గడులున్నాయి, కానీ విద్యార్థికి పాఠం అర్థమైందో లేదో తేలడం లేదు.

కారణం: మార్కులు గడుల లెక్కన పడుతున్నాయి. చతుర్భుజాల పాఠంలోని పేర్లన్నీ గడుల్లో పెట్టి ఉత్త గీతలతో కలపడం ఎవరికైనా సులువే.

పరిష్కారం: గీత మీద రాసిన మాటకే మార్కు ఇవ్వాలి. రెండు గడులనూ వాటి మధ్య మాటనూ కలిపి చదివితే, నిజమో కాదో తేల్చగల వాక్యం రావాలి. ‘సంబంధం ఉంది’ అన్న మాటకు సున్నా వేయడం కటువుగా అనిపించినా, అదే సరైనది. ‘చతురస్రం ఒక రకమైన దీర్ఘచతురస్రం’ అన్నది నిజం. బాణం తిరగబడితే అదే వాక్యం తప్పు, కాబట్టి బాణపు గుర్తు లేని గీతను దిద్దకుండా వెనక్కి ఇవ్వడమే మేలు. ‘కర్ణాలు లంబంగా ఖండించుకుంటే అది రాంబస్’ అని రాసిన విద్యార్థికి సగం తెలిసింది: గాలిపటం ఆకారంలోనూ కర్ణాలు లంబంగానే ఉంటాయి, రాంబస్‌లో అవి ఒకదానినొకటి సమద్విఖండన కూడా చేసుకుంటాయి. మామూలు ప్రశ్నపత్రంలో ఈ లోపం అంత తేలికగా బయటపడదు.

సమస్య: ఒకే పటానికి ఇద్దరు ఉపాధ్యాయులు వేసే మార్కులు కలవడం లేదు.

కారణం: నోవాక్, ఆయన సహరచయిత గోవిన్ 1984లో ఇచ్చిన పద్ధతిలో సరైన వాక్యానికి 1, అంతస్తుకు (పెద్ద భావన కింద చిన్న భావన వచ్చే మెట్టుకు) 5, అడ్డ సంబంధానికి (పటంలోని వేర్వేరు భాగాలను కలిపే గీతకు) 10 పాయింట్లు వస్తాయి. సహజ సంఖ్యల నుంచి వాస్తవ సంఖ్యల దాకా అంతస్తులు వాటంతటవే ఏర్పడతాయి. వర్గ సమీకరణాల్లో విచక్షణి (b² − 4ac), మూలాలు, పరావలయం వలలా అల్లుకుంటాయే తప్ప మెట్లుగా పేరుకోవు. అక్కడ అంతస్తు ఏదన్నది దిద్దేవారి ఊహకే మిగులుతుంది.

పరిష్కారం: అంతస్తుల పాయింట్లు వదిలేసి, వాక్యాలకూ అడ్డ సంబంధాలకూ మాత్రమే మార్కులు వేయాలి. ముందుగా కొన్ని పటాలను ఇద్దరూ కలిసి దిద్దుకోవాలి.

సమస్య: అడిగితే చెబుతున్న విద్యార్థి గీతల మీద ఏమీ రాయడం లేదు.

కారణం: ఇది చాలావరకు భాష చిక్కు. మన నగరంలో ఇంట్లో ఉర్దూ, బడిలో ఇంగ్లీషు, స్నేహితులతో తెలుగు మాట్లాడే పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చుంటారు.

పరిష్కారం: గడుల్లో పాఠ్యపుస్తకపు పదాలే ఉండాలి, గీత మీద మాత్రం వచ్చిన భాషలో రాయనివ్వాలి.

సమస్య: తరగతి పటాలన్నీ ఒక్కలాగే ఉన్నాయి.

పరిష్కారం: నమూనాను వేరే పాఠం నుంచి చూపించాలి, బోర్డు మీద గీసింది నోటుబుక్కులోకి దిగక మానదు.

సమస్య: పటంలో మంచి మార్కులు, లెక్కల్లో తప్పులు.

కారణం: పటం భావనల మధ్య సంబంధాన్ని చూపుతుంది, చేతి నైపుణ్యాన్ని కొలవదు.

పరిష్కారం: పటానికి జతగా ఒక్క లెక్క ఇవ్వాలి. ‘విచక్షణి రుణాత్మకమైతే వాస్తవ మూలాలు ఉండవు’ అని రాసిన విద్యార్థికి 1, 2, 5 గుణకాలుగా ఉన్న వర్గ సమీకరణం ఇస్తే, విచక్షణి −16 రావాలి. 24 వచ్చిందంటే గుర్తు దగ్గర పొరబడ్డట్టు. అతనికి పాఠం మళ్లీ చెప్పనక్కరలేదు, అభ్యాసం ఇస్తే సరిపోతుంది.