ఆరో తరగతి హిందీ: మాట వెంటే మేరా, మేరీ

హిందీ మొదలయ్యాక మన పిల్లలు అక్షరాల దగ్గర కన్నా లింగం దగ్గరే ఎక్కువ తడబడతారు. తెలుగులో కుర్చీకీ ఇంటికీ ఆడ, మగ తేడా లేదు, హిందీలో ఉంది మరి. అందుకే నోట్‌బుక్‌లో ఉత్త 'కితాబ్' రాయించకండి. 'మేరీ కితాబ్' (నా పుస్తకం), 'మేరా ఘర్' (నా ఇల్లు) అని జంటగా రాయించండి. పుంలింగం మేరాకు నీలం పెన్ను, స్త్రీలింగం మేరీకి ఎర్ర పెన్ను. రోజుకు ఐదు చాలు. మర్నాడు, మూడోనాడు, వారానికి తెలుగు అర్థం మాత్రమే చెప్పి అడగండి. తప్పినవి మళ్లీ కొత్తవాటి లెక్కే.

'ఈ'తో ముగిస్తే స్త్రీలింగం అనే సూత్రం రోటీ, కుర్సీల దాకా బాగానే నడుస్తుంది. పానీ (నీళ్లు), దహీ (పెరుగు), ఘీ (నెయ్యి) దగ్గర బోల్తా కొడుతుంది, మూడూ పుంలింగాలే. వీటిని అన్నం తినేటప్పుడు 'ఠండా పానీ', 'ఖట్టా దహీ' అని పలికిస్తే ఇట్టే పట్టేస్తారు.

ఇంకోటి: పాలమూరు, నల్లగొండ బజార్లలో వినిపించే దక్కనీని (ఇక్కడి ఉర్దూ యాసను) ఆపకండి, చెవికి మంచిదే. పరీక్షలో మాత్రం 'మేరేకు' (నాకు) బదులు 'ముఝే' రాయాలి, 'నక్కో' (వద్దు) బదులు 'నహీ చాహియే'.