ఎండకూ దుమ్ముకూ తట్టుకునే గేమింగ్ క్యాబినెట్‌ను ఎలా ఎంచుకోవాలి?

బీరువా కొనడానికి వెళ్లిన పెద్దవాళ్లను ఎప్పుడైనా గమనించారా? రంగు చూసి ఊరుకోరు. తలుపు మీద వేళ్లతో కొట్టి చప్పుడు వింటారు. రేకు ఎన్ని గేజి అని అడుగుతారు. తాళం రెండు మూడుసార్లు తిప్పుతారు, తలుపు మూసి అంచులు కలిశాయో లేదో వంగి చూస్తారు. అదే ఇంట్లో పిల్లలు లక్ష రూపాయలు పెట్టి గేమింగ్ కంప్యూటర్ కూర్చుకునేటప్పుడు మాత్రం, భాగాలన్నీ లోపల బిగించే ఇనప పెట్టె అయిన క్యాబినెట్ విషయంలో లైట్లు ఎన్ని రంగుల్లో వెలుగుతాయన్న ఒక్క ప్రశ్నతో సరిపెట్టుకుంటున్నారు. నాకు బాధ కలిగించే విషయం ఇదే. లెక్కలు చేసే ప్రాసెసర్ మారుతుంది, తెర మీద బొమ్మలను నడిపే గ్రాఫిక్స్ కార్డు మారుతుంది. మంచి క్యాబినెట్ అయితే పదేళ్లయినా అలాగే ఉండి, లోపలికి వచ్చిన ప్రతి వస్తువునూ కాపాడుతుంది. దాన్ని బీరువా కొన్నంత శ్రద్ధగా కొనాలి.

మాది అనంతపురం. ఏడాది మొత్తానికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటడం ఇక్కడ వార్త కాదు. కర్నూలు, కడపల సంగతి చెప్పనే అక్కరలేదు. ఎండలు తగ్గాయనుకునేలోపు ఆషాఢం గాలులు మొదలవుతాయి. రామగిరి కొండల మీద గాలిమరలను తిప్పే ఆ గాలే మన గదుల్లోకి ఎర్రటి దుమ్మును మోసుకొస్తుంది. ఏసీ గదుల్లో కూర్చుని తీసిన వీడియోలను చూసి క్యాబినెట్ కొంటే మనకు సరిపడకపోవడానికి కారణం ఇదే. ప్రాసెసర్ మీద బిగించే కూలర్ ఎంత ఖరీదైనదైనా దాన్ని గదిలోని గాలి కంటే చల్లగా ఉంచలేదు. 25 డిగ్రీల గదిలో 70 డిగ్రీల దగ్గర నడిచే ప్రాసెసర్, అదే ఆటను 40 డిగ్రీల గదిలో ఆడిస్తే 85 దగ్గరికి చేరుతుంది. క్యాబినెట్‌లో వేడి గాలి నిలిచిపోతే ఇంకా పైకి పోతుంది. చాలా ప్రాసెసర్లు 95, 100 డిగ్రీల దగ్గర తమను తాము కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటాయి. ఆట మధ్యలో తెర తడబడటానికి ఇదొక కారణం.

ముందు కొలతలు రాసుకోండి

దుకాణానికి వెళ్లే ముందే ఒక కాగితం మీద నాలుగు కొలతలు రాసుకోవాలి. మొదటిది మదర్‌బోర్డు, అంటే భాగాలన్నిటినీ కలిపే పలక. అది ఏటీఎక్స్ రకమైతే 305 మి.మీ. పొడవు, 244 మి.మీ. వెడల్పు, మైక్రో ఏటీఎక్స్ అయితే రెండు వైపులా 244, మినీ ఐటీఎక్స్ అయితే 170. గ్రాఫిక్స్ కార్డు పొడవు రెండో కొలత. మూడు ఫ్యాన్ల పెద్ద కార్డులు 300 మి.మీ. దాటతాయి. మూడోది కూలర్ ఎత్తు. నిలువుగా ఉండే గాలి కూలర్లు సాధారణంగా 155 నుంచి 165 మి.మీ. ఉంటాయి. ఒక్క అయిదు మి.మీ. తేడా వచ్చినా పక్క తలుపు మూసుకోదు. నాలుగోది ఎస్ఎంపీఎస్ పొడవు, అంటే భాగాలన్నిటికీ కరెంటు అందించే పెట్టె పొడవు.

క్యాబినెట్ వివరాల్లో రాసే కార్డు పొడవు చాలాసార్లు ముందు వైపు ఫ్యాన్లు మాత్రమే ఉన్నప్పటిది. మీరు నీటి కూలర్ రేడియేటర్‌ను (వేడెక్కిన నీటిని చల్లార్చే పలకను) ముందు బిగించదలిస్తే రేడియేటర్, ఫ్యాను మందం కలిపి దాదాపు 52 మి.మీ. అవుతుంది. ముందు ఫ్యాను మందం 25 మి.మీ. ఎలాగూ ఉండేదే కాబట్టి, అదనంగా పోయేది 27 మి.మీ. ఆ లెక్క వేసి, కార్డు పొడవుకు అదనంగా మరో 20 మి.మీ. ఖాళీ మిగిలేలా చూసుకోండి.

ముఖం చూడండి

క్యాబినెట్‌ను మీ వైపు తిప్పించి ముందు భాగాన్ని చూడండి. నా అభిప్రాయంలో మన జిల్లాల్లో అన్నిటికంటే ముఖ్యమైన పరీక్ష ఇదే. ముందు వైపు మొత్తం గాజు పలకో ప్లాస్టిక్ పలకో ఉండి, పక్కన వేలెడు సందు మాత్రమే వదిలితే దాన్ని అక్కడే వదిలేయండి. ఆ పలక వెనక మూడు ఫ్యాన్లు ఎంత అందంగా వెలిగినా, కిటికీ మూసి పంకా వేసుకున్నట్టే ఉంటుంది. ముందు వైపంతా సన్నటి రంధ్రాల జాలి ఉన్నదాన్ని తీసుకోండి. ఎదురెదురు కిటికీలున్న ఇంట్లో గాలి ఎలా నడుస్తుందో క్యాబినెట్‌లోనూ అలాగే నడవాలి: ముందు నుంచి చల్లగాలి లోపలికి, వెనక నుంచి, పై నుంచి వేడి గాలి బయటికి. ముందు 120 మి.మీ. ఫ్యాన్లు మూడు గానీ, 140 మి.మీ.వి రెండు గానీ పట్టాలి. వెనక ఒకటి చాలు.

లోపలికి తీసుకునే గాలి బయటికి తోసేదానికంటే కాస్త ఎక్కువగా ఉండేలా చూసుకోవడం మన దుమ్ముకు మంచి ఉపాయం. అప్పుడు సందుల్లోంచి గాలి బయటికే పోతుంది, దుమ్ము వచ్చే దారి ముందున్న జాలి ఒక్కటే అవుతుంది. ఫ్యాన్లు వెనక్కి తోసేవే ఎక్కువైతే ప్రతి సందు నుంచీ దుమ్మును పీల్చుకుంటుంది.

క్యాబినెట్‌తో వచ్చిన ఫ్యాన్ల తీగ చివరను కూడా చూడండి. మదర్‌బోర్డుకు తగిలించే మూడు లేదా నాలుగు పిన్నుల కనెక్టర్ ఉంటే వేగాన్ని అదుపు చేయవచ్చు. పెద్ద నాలుగు పిన్నుల పాతరకం పవర్ కనెక్టర్‌తో నేరుగా ఎస్ఎంపీఎస్‌కు తగిలించేవైతే అవి రాత్రీ పగలూ ఒకే వేగంతో తిరుగుతాయి.

రేకును పరీక్షించండి

నా మొదటి క్యాబినెట్ చూడ్డానికి బాగుండేది. గ్రాఫిక్స్ కార్డు బిగించే రోజున కార్డు చివరి ఇనప పట్టీ రంధ్రమూ, క్యాబినెట్ రంధ్రమూ ఒక మి.మీ. తేడాతో కలవలేదు. దుకాణంలోని అబ్బాయి పట్టకారుతో రేకును పట్టుకుని వంచాడు. అది అట్టముక్కలా తేలిగ్గా వంగింది. వంగిన చోట పెయింటు పొలుసులుగా లేచి మదర్‌బోర్డు మీద రాలింది. అప్పటి నుంచి రేకు మందం చూడకుండా నేను క్యాబినెట్ కొనలేదు, ఎవరిచేతా కొనిపించలేదు.

చవక రకాల్లో రేకు 0.4, 0.5 మి.మీ. మాత్రమే ఉంటుంది. 0.7 లేదా 0.8 మి.మీ. ఉంటే గట్టిది. బీరువా భాషలో చెప్పాలంటే 22 గేజి అంటే సుమారు 0.7 మి.మీ., 26 గేజి అంటే సుమారు 0.45 మి.మీ. అంకె పెరిగే కొద్దీ రేకు పలచన. కాగితం మీద రాసిన మాటను నమ్మడం కంటే చేత్తో చూడటం మేలు. పక్క తలుపులు తీయించి, ఎదురెదురు మూలలను రెండు చేతులతో పట్టుకుని మెల్లగా మెలిపెట్టండి. కిర్రుమంటూ ఊగితే వద్దు. ఇనప తలుపు మధ్యలో బొటనవేలితో నొక్కండి, డబ్బా మూతలా టక్కుమని లోపలికి పోకూడదు. తర్వాత లోపలి అంచుల మీద వేలిని నెమ్మదిగా నడపండి. మంచి తయారీలో అంచును మడిచి ఉంటారు. కత్తిరించి వదిలేసిన అంచు బ్లేడులా కోస్తుంది.

ఫోనులోనో కంప్యూటర్‌లోనో కొంటున్నవాళ్లు బరువు చూడండి. గాజు తలుపుతో కలిపి 6, 7 కిలోలున్న మధ్యస్థాయి క్యాబినెట్‌కూ, అదే పరిమాణంలో 4 కిలోలున్నదానికీ తేడా రేకులోనే ఉంటుంది.

లోపల చూడవలసినవి

వెనక కార్డులు బయటికి వచ్చే సందుల పట్టీలు స్క్రూతో బిగించినవై ఉండాలి. కొన్నిటిలో అవి రేకులోనే అతికి ఉంటాయి; ఒకసారి విరిచి తీస్తే మళ్లీ పెట్టలేము. కార్డు మార్చిన రోజున అక్కడ వేలు పట్టే సందు మిగిలిపోతుంది. మన ఇళ్లలో ఆ సందు బల్లికి తలుపు తీసిపెట్టడమే. వెచ్చదనం కోసం లోపలికి దూరి ఎస్ఎంపీఎస్ దాకా వెళితే బల్లీ పోతుంది, ఎస్ఎంపీఎస్ కూడా పోతుంది.

మదర్‌బోర్డు పలకకూ వెనక తలుపుకూ మధ్య కనీసం 20 మి.మీ. ఖాళీ ఉండాలి. తీగలన్నీ పోవలసిన చోటది. మదర్‌బోర్డు కింద నిలబడే ఇత్తడి మేకుల్లో ఒక స్క్రూను చేత్తోనే తిప్పి చూడండి, రెండు మూడు చుట్లు ఇబ్బంది లేకుండా దిగాలి. క్యాబినెట్‌తో ఉచితంగా ఇచ్చే ఎస్ఎంపీఎస్‌ను గేమింగ్ కంప్యూటర్‌కు వాడవద్దు. దానికి విడిగా డబ్బు పెట్టండి.

దుమ్ము జాలీలు ముందు, కింద, పైన ఉన్నాయా, వాటిని తీయడం ఎంత సులభం అన్నవి దుకాణంలోనే తీసి చూడాలి. కింది జాలి వెనక వైపు నుంచి జారేదైతే ప్రతిసారీ క్యాబినెట్‌ను గోడ నుంచి లాగాలి. అందుకే చాలామంది మానేస్తారు. ముందుకో పక్కకో జారేదే మేలు. ఆషాఢం, శ్రావణం నెలల్లో నేను పదిహేను రోజులకోసారి కడిగి నీడలో ఆరబెడతాను. ఒక్క కడుగుకే బకెట్టు నీళ్లు ఎర్రబడతాయి.

గాజు తలుపు విషయం

ఈ తలుపులకు వాడే టెంపర్డ్ గాజు, అంటే వేడిచేసి గట్టిపరిచిన గాజు, మధ్యలో దెబ్బను బాగానే ఓర్చుకుంటుంది. దాని ప్రాణమంతా మూలల్లో ఉంటుంది. మా ఇంట్లో నేలకు కడప బండలు పరిచారు. ఒకరోజు గాజు తలుపు తీసి గోడకు ఆనించి బండ మీద నిలబెట్టాను. పెద్ద శబ్దమేమీ లేదు. మూల రాతికి తాకిన క్షణంలో పలక మొత్తం తెల్లబడి కలకండ ముక్కల్లా నేలంతా రాలింది. వారం తర్వాత కూడా మంచం కింద ముక్కలు దొరికాయి. గాజు తీసిన ప్రతిసారీ దాన్ని దుప్పటి మీద పడుకోబెట్టండి. చిన్న పిల్లలున్న ఇల్లయితే ఇనప తలుపున్న రకాన్ని తీసుకోండి, గాలి విషయంలో ఏ నష్టమూ లేదు.

ఎక్కడ కొనాలన్నది మీ ఊరిని బట్టి ఉంటుంది. మా వాళ్లు బెంగళూరు ఎస్పీ రోడ్డుకు వెళతారు, కర్నూలు వాళ్లకు సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ దగ్గర, కడప వాళ్లకు చెన్నై రిచీ స్ట్రీట్ ఉంది. బస్సులో తెచ్చుకునేవాళ్లు థర్మాకోల్‌తో సహా అసలు పెట్టెలోనే తేవాలి. పార్శిల్‌లో వస్తే టేపు కోయడానికి ముందు నుంచే వీడియో తీయండి.

ఇంటికి తెచ్చాక

క్యాబినెట్‌ను నేల మీద కాకుండా ఒక చెక్క పీట మీద, గోడకు జానెడు దూరంలో పెట్టండి. కింది నుంచి ఎస్ఎంపీఎస్ గాలి పీల్చుకుంటుంది కాబట్టి కాళ్లు కనీసం రెండు సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి.

ముట్టుకుంటే చేతికి జిమ్మంటోందా? చాలామంది క్యాబినెట్‌ను నిందిస్తారు. ఎస్ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ నుంచి కొద్దిపాటి కరెంటు ఎప్పుడూ ఇనప పెట్టెకు చేరుతూనే ఉంటుంది, ఎర్త్ బాగుంటే అది భూమిలోకి పోతుంది. మన దగ్గర ఎండాకాలంలో ఎర్త్ గుంత ఎండిపోయి పని చేయడం తగ్గిపోతుంది. గుంతలో నీళ్లు పోయించి, ఎలక్ట్రీషియన్‌తో ప్లగ్గు దగ్గర ఎర్త్ పరీక్ష చేయించండి. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నులకు మార్చే అడాప్టర్‌ను మాత్రం ఎప్పుడూ వాడవద్దు.

చివరగా గాలి నడకను కళ్లతో చూడండి. ఇంట్లో పంకా ఆపి, కంప్యూటర్ ఆన్ చేసి, వెలిగించిన అగరబత్తిని ముందు జాలికి జానెడు దూరంలో పట్టుకోండి. పొగ తీగలా సాగి జాలిలోకి పోవాలి. తర్వాత వెనకకు తీసుకెళితే దూరంగా నెట్టేయాలి. ముందు పెట్టినప్పుడు పొగ మీ ముఖం మీదికి వస్తే ఆ ఫ్యానును తిప్పి బిగించారన్నమాట. ఫ్యాను మధ్యలోని మోటారును పట్టుకునే ప్లాస్టిక్ కమ్మీలు ఏ వైపు ఉంటాయో గాలి ఆ వైపుకే పోతుంది. నాలుగు స్క్రూలు విప్పి, ఆ కమ్మీలు లోపలి వైపుకు వచ్చేలా తిప్పి బిగించి, అగరబత్తితో మళ్లీ చూడండి.