ముదురు మటన్‌కి మూడు గంటలు ఇవ్వండి

ఆదివారం మటన్ షాపులో అందరూ లేత చాప్స్ అడుగుతుంటే మీరు మెడ ముక్కలు, ముందు కాలి కండ, నల్లి బొక్కలు అడగండి. బతికున్నన్నాళ్ళూ మేతకు నడిచి, తల ఎత్తి దించి బాగా పనిచేసిన కండలు అవి. అందుకే గట్టిగా ఉంటాయి, అందుకే రుచీ వాటిలోనే ఎక్కువ. ఉడకవేమో అని టెన్షన్ వద్దు, టైమ్ కావాలంతే.

ఆ ముక్కల్లో కనిపించే తెల్లటి పొరల్లో కొలాజెన్ అనే గట్టి ప్రోటీన్ ఉంటుంది. వేడి 70 డిగ్రీలు దాటాక అది మెల్లమెల్లగా జెలటిన్‌గా, అంటే మెత్తటి జిగురులా మారుతుంది, పులుసు పెదాలకి అంటుకునేంత చిక్కగా అయ్యేది దానివల్లే. మంట పెంచితే తొందరగా అవుతుందనుకుంటాం గానీ, కుతకుతా మరిగితే ముక్క బిగుసుకుపోయి పీచుపీచుగా తయారవుతుంది.

ఒక కిలో ముక్కలకి ఉప్పు, పసుపు, 2 చెంచాల అల్లం వెల్లుల్లి ముద్ద పట్టించి కనీసం గంట ఉంచండి, రాత్రే పట్టించి ఫ్రిజ్‌లో పెడితే ఇంకా మంచిది. అడుగు మందంగా ఉన్న గిన్నెలో నూనె బాగా కాగాక ముక్కల్ని రెండు మూడు విడతలుగా వేసి ఎర్రగా వేయించి తీయండి. అన్నీ ఒకేసారి వేస్తే నీరు వదిలి ఉడుకుతాయే తప్ప వేగవు, కూర రంగూ వాసనా సగం ఇక్కడే పోతాయి. అదే నూనెలో 3 పెద్ద ఉల్లిపాయలు బంగారు రంగు వచ్చేదాకా వేయించి, కారం, ధనియాల పొడి, 2 టమాటాలు వేసి నూనె తేలాక ముక్కలు వేసేయండి. ముక్కలు సగం మునిగేదాకా వేడి నీళ్ళు పోయండి, చన్నీళ్ళు వద్దు.

ఇక మంట బాగా తగ్గించి, మూత బదులు లోతు పళ్ళెం పెట్టి అందులో నీళ్ళు పోయండి. పైకొచ్చిన ఆవిరి ఆ పళ్ళేనికి తగిలి చల్లబడి మళ్ళీ కూరలోకే జారుతుంది, కూరలో నీళ్ళు తగ్గితే పళ్ళెంలో వేడెక్కిన నీళ్ళే పోసుకోవచ్చు. మన అమ్మమ్మలు చేసిన ఈ పద్ధతిని మించింది నాకైతే ఇంకా కనబడలేదు. పులుసులో ఎప్పుడో ఒక బుడగ పైకి రావాలి, అంతే. మంట ఇంకా ఎక్కువనిపిస్తే గిన్నె కింద పెనం పెట్టండి.

చాలామంది చేతులెత్తేసేది గంట దాటాకే. అప్పుడు ముక్క నొక్కి చూస్తే రబ్బరులా ఉంటుంది, పాడైపోయిందనుకుని కుక్కర్లోకి మార్చేస్తారు. దయచేసి ఆగండి! రెండున్నర గంటలకి మెత్తబడటం తెలుస్తుంది, పొట్టేలు బాగా ముదిరితే మూడు గంటలు పడుతుంది. గరిటె అంచుతో నొక్కితే ముక్క విడిపోయి, బొక్క ఊడి వస్తే అయినట్టే. చివరి పావుగంటలో గసగసాలు, ఎండు కొబ్బరి నూరిన ముద్ద, ఆఖరున గరం మసాలా వేయండి, ముందే వేస్తే ముద్ద అడుగంటుతుంది, మసాలా వాసన ఆవిరితో పోతుంది.

దించాక అరగంట కదపకండి. వేడి జొన్న రొట్టెతో గానీ రాగి సంకటితో గానీ వడ్డించి, నల్లి బొక్కని పళ్ళేనికి తట్టి మూలుగని పులుసులో కలుపుకొని తినండి.