గుద్దినవాడు సరే, వాడికి మందు పోసిన బార్ సంగతేంటి?

గుంటూరు లక్ష్మీపురంలో ఒక రాత్రి మా బాబాయ్ స్కూటీని కారు గుద్దింది. ఆయన కాలు విరిగింది. కారు సీటు మీద బార్ బిల్లు దొరికింది: ఆరు లార్జ్‌లు, ఒక చికెన్ పకోడీ, టైమ్ 10.52. ఇక ఇంట్లో అందరిదీ ఒకటే మాట, ముందు ఆ బార్ మీద కేసు పెట్టాలని.

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో, అప్పటికే మత్తెక్కినవాడికి ఇంకా పోస్తే బాధితులు బార్‌నే నేరుగా పరిహారం అడగొచ్చు. మన దగ్గర అలాంటి చట్టం లేదు. ఉన్నదల్లా మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 188. తాగి నడపడానికి తోడ్పడినవాళ్లకీ నడిపినవాడి శిక్షే అంటుందది, అంటే మొదటిసారైతే ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 జరిమానా, లేదా రెండూ. కానీ మందు పోసినంత మాత్రాన తోడ్పడినట్టు కాదు, వాడు బండి నడుపుతాడని తెలిసే చేశారని చూపించాలి. అందుకే నేనైతే లోపల కౌంటర్ కంటే గేటు దగ్గర కెమెరా ముఖ్యం అంటాను. తూలుతూ వచ్చినవాడికి వ్యాలెట్ కుర్రాడు కారు తెచ్చి, డోర్ తీసి, తాళం చేతిలో పెట్టి పంపడం అందులో పడితే మీ వాదనకు కాస్త బలం వస్తుంది. కుర్రాడి మీద పడమని కాదు, ఆ పని చేయించింది మేనేజ్‌మెంటే కదా.

ఆ ఫుటేజీ కొన్నాళ్లకి దానంతటదే చెరిగిపోతుంది. మర్నాడే ఎస్సైకి, డీవీఆర్ (కెమెరా వీడియో దాచే పెట్టె) సీజ్ చేయమని రాతపూర్వకంగా ఇచ్చి, కాపీ మీద స్టాంపు వేయించుకోండి. నోటిమాటగా చెప్పి వచ్చేస్తే చెప్పనట్టే. కోర్టులో ఆ వీడియో నిలవాలంటే భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 కింద, ఆ రికార్డింగ్‌ని ధ్రువీకరించే సర్టిఫికెట్ కూడా కావాలి. తాగినవాడికి 21 ఏళ్లు లేకపోయినా, టైమ్ దాటాక పోసినా ఎక్సైజ్ స్టేషన్‌లో విడిగా కంప్లయింట్ ఇవ్వండి, బార్ వాళ్లకి అసలు భయం లైసెన్స్ గురించే.

రక్త పరీక్ష జరిగిందో లేదో కూడా అడగండి. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. వారెంట్ లేకుండా అరెస్టు చేస్తే రెండు గంటల్లోపు వైద్య పరీక్ష చేయించాలి, లేదంటే వదిలేయాల్సిందే.

డబ్బు దారి వేరు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 166 కింద యాక్సిడెంట్ క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో డ్రైవర్, ఓనర్, ఇన్సూరెన్స్ కంపెనీ మీద వేస్తాం. బార్ నుంచి రాబట్టాలంటే విడిగా సివిల్ దావా, అది ఏళ్లు పడుతుంది. ట్రిబ్యునల్‌లో మాత్రం ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపే వేసేయండి. విజయవాడ బెంజ్ సర్కిల్‌లో దెబ్బ తగిలినా మీరుండేది గుంటూరైతే గుంటూరులోనే వేసుకోవచ్చు.

ఇక్కడో మెలిక ఉంది. తాగాడని ఎంత గట్టిగా రుజువైతే ఇన్సూరెన్స్ వాళ్లకి డబ్బు కట్టకుండా తప్పించుకోవడానికి అంత సాకు దొరుకుతుంది, 2019 సవరణ తర్వాత చట్టమే వాళ్లకి ఆ వాదన ఇచ్చింది. అయినా ముందు బాధితుడికి కట్టి తర్వాత ఓనర్ దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు చాలా కేసుల్లో చెప్పాయి, ఆ మాట మీ లాయర్‌తో పిటిషన్‌లోనే అడిగించండి.

ఈలోగా ఎవరైనా యాపిల్ పళ్ల కవరుతో ఆస్పత్రికొచ్చి, ఖర్చులు మేం చూసుకుంటాం, ఇక్కడో సంతకం పెట్టండి అంటే పళ్లు తీసుకోండి, పెన్ను తీసుకోకండి.